తల్లులకు కప్పిన శాలువాలు

మాట్లాడటానికి పిలిచిన తల్లులకు శాలువాలు కప్పి పంపించిన మూర్ఖుణ్ణి నేను. పైగా గౌరవం చేశాననే అనుకున్నాను. తెలుగు శాఖలో పాఠాలు చెప్పుకుని బతికేవాడికి వేదిక కనబడితే ఇంకేమీ కనబడదు. మా క్యాంపస్‌లో ఈ జబ్బుకు మందు లేదు సరికదా, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

తార్నాకలో మా అపార్ట్‌మెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి ఉంది. దాన్ని నడిపే ఆమెది క్యాంపస్ గోడ వెనక బస్తీ. కొన్నాళ్లుగా ఆమె చిన్న కూతురు మధ్యాహ్నమంతా బండి కింద బట్టల మూట మీద పడుకుని కనిపిస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పాపను అంగన్‌వాడీకి పంపుతలేవా అమ్మా?"

"ఏడున్నది సార్ అంగన్‌వాడీ? కిరాయి రూమ్ ఖాళీ చేసి పట్టాల అవతలికి తీస్కపోయిండ్రు. పన్జేస్కునేటోళ్లం, పొద్దుగాల దింపి మళ్ల పగటీలి తోల్కరావాల్నంటే అయితదా? దాన్నొక్కదాన్నే రైలు పట్టాలు దాటమంటనా?"

మునుపు ఆ గదిలో పిల్లలకు మధ్యాహ్నం వేడి అన్నం, పప్పు, గుడ్డు పెట్టేవారు. ఇప్పుడు అంత దూరం వెళ్లలేని పిల్లలకు బియ్యం, పప్పు, గుడ్లు ఇంటికే ఇచ్చేస్తున్నారు.

"ఇంట్లకొచ్చిన గుడ్డు పోరిదెట్లయితది సార్? అత్త ఉన్నది, మామ ఉన్నడు, మా మరిది ఉన్నడు. అందరి నోర్లయినంక పిల్లకు పెంకులే."

బస్తీ తల్లులంతా ఒక జట్టయి, పాత గదిలోనే మళ్లీ పొయ్యి వెలిగించమని అంగన్‌వాడీల ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారట. పెద్ద అధికారి ఒక్కసారి తమ మాట వింటే చాలని వాళ్ల ఆశ. ఆయన గది గడప దాటనిచ్చేవాళ్లే లేరు.

నా ఛాతీ పొంగింది. మా శాఖలో 'సాహిత్యంలో ఆకలి' అని సదస్సు పెడుతున్నాం. ఆ అధికారి పద్యాలు కూడా రాస్తాడు కాబట్టి ఆయనే ముఖ్య అతిథి. "మీరందరు రాండ్రి. ఆయన ముంగటనే మాట్లాడుదురు గని" అన్నాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నాకు దండం పెట్టింది. అది గుర్తొస్తే తల ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ తెలియదు.

ఆహ్వానపత్రం వేసేటప్పుడు సహోద్యోగులు ఒక సవరణ చెప్పారు. వాళ్లను వక్తలలో వేసి ఇబ్బంది పెట్టడమెందుకు, వేదిక మీద సన్మానం చేద్దాం, అది ఇంకా పెద్ద మర్యాద కదా అని. సరేనన్నాను. వక్తకు మైకు దక్కుతుంది, సన్మానం పొందేవాళ్లకు ఫొటో దక్కుతుంది. ఈ తేడా పద్యాలలో యతిభంగాలు పట్టుకునే నాకు తట్టలేదు.

ఆ రోజు తల్లులు ఉతికిన చీరలు కట్టుకుని, పిల్లల తలలు దువ్వి, పొద్దున్నే హాలుకు వచ్చి కూర్చున్నారు. చెప్పాల్సిన మాటలు పెదవుల మీద చప్పుడు లేకుండా అనుకుంటున్నారు. మొదట నేను మాట్లాడాను. నా ఉపన్యాసం సాగినకొద్దీ పిల్లల ఉపవాసం సాగింది. తరువాత తల్లులను వేదిక మీదికి పిలిచారు, శాలువాలు కప్పారు, ఫొటో తీశారు. ఇస్త్రీ బండి ఆమె మైకు వైపు ఒక అడుగు వేసింది. నేనే, సాక్షాత్తూ నేనే, చిరునవ్వుతో ఆమె భుజం మీద శాలువా సర్ది, "ఇటు నుంచి దిగండమ్మా" అని మెట్లు చూపించాను.

ఆమె దిగింది. అధికారి చప్పట్లు కొట్టి, ఆకలి మీద తన పద్యమొకటి చదివి, భోజనానికి లేచాడు.

భోజనం కూపన్లు సదస్సు సంచుల్లో ఉన్నాయి. సంచులు ప్రతినిధులకే ఇచ్చాం. షామియానా దగ్గర మావాళ్లు పిల్లలను ఆపేశారు. ఆ సమయానికి నేను లోపల అధికారి పక్కన పళ్లెంతో నిలబడి ఉన్నాను. ఆకలి మీద వక్తలం, అన్నం దగ్గర భోక్తలం. గుడ్డ సందులోంచి చూసేసరికి తల్లులు పిల్లల చేతులు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు. పళ్లెంతోనే పరుగెత్తాను. ఎంగిలి చేత్తో వాళ్లను ఏమని పిలవను?

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది, 'అధికారికి తల్లుల కృతజ్ఞతలు' అని. ఆ కాగితమే వాళ్లకు ఆఫీసులో అడ్డం పడింది. ఇస్త్రీ బండి ఆమె తల ఎత్తకుండా చొక్కా మడత పెడుతూ చెప్పింది.

"థాంక్స్ చెప్పిండ్రు గదా, ఇంగేంది మీ లొల్లి, అంటున్నరు సార్. మీరు ఇజ్జత్ ఇచ్చిండ్రు, కాదంటలేను. గని శాలువ కప్పితె సలి పోతది, ఆకలి పోదు."

ఇంట్లో మా ఆవిడ ఇంకా సూటిగా అంది. "నోరుంటే తల కాస్తదంటరు. మీ నోరేమో వాళ్ల పిల్లల కడుపు కొట్టింది."

తల్లులు మాత్రం ఆగలేదు. ఒకరోజు పనులు మానుకుని, ఇంటి నుంచి అన్నం వండి తెచ్చుకుని, సరిగ్గా భోజనాల వేళకు ఆఫీసు వరండాలో పిల్లలను వరుసగా కూర్చోబెట్టి తినిపించారు. అన్ని కళ్ల ముందు లోపలివాళ్లెవరికీ టిఫిన్ డబ్బాలు తెరవబుద్ధి కాలేదట. బస్తీకి వచ్చి చూస్తానని అధికారి మాట ఇచ్చాడు.

నాకూ కబురొచ్చింది. "మీరు గూడ రాండ్రి సార్. గని మాట్లాడొద్దు. వడ్డించుండ్రి."

ఆయన వచ్చే రోజు, తాళం వేసి ఉన్న పాత గది ముందు వసారాలోనే వండారు. అధికారి కారు దిగుతూనే, "ఐదు నిమిషాలే, ఇంకో మీటింగ్ ఉంది" అని డ్రైవరును కారు తిప్పి ఉంచమన్నాడు. నన్ను చూసి, "మాస్టారూ, ఆ రోజు సభ అద్భుతం!" అన్నాడు. నేను గరిటె చూపించి ఊరుకున్నాను. మొదటి తల్లి నోరు తెరిచిందో లేదో ఆయన వాచీ చూసుకున్నాడు.

అప్పుడు కారు తిప్పి వచ్చిన డ్రైవరు కంటపడ్డాడు. చూపంతా పప్పు గిన్నె మీదే ఉంది.

"తిన్నవా అన్నా?" మెల్లగా అడిగాను.

"లేద్సార్. పొద్దుగాల చాయ్ తాగిన, గంతే."

"రా, కూసో" అని పిల్లల వరుస చివర పళ్లెం వేశాను.

కాసేపటికి అధికారి బయల్దేరబోతూ, "డ్రైవర్ ఏడి?" అన్నాడు. ఇస్త్రీ బండి ఆమె ఒకసారి పళ్లెం వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"తింటున్నడు సార్. అన్నం ముంగటున్న మనిషిని లేపుతమా? పాపం గదా. కూసోండ్రి, గింతల అయితది."

తినేవాణ్ణి నడిమధ్యలో లేపడం మన దగ్గర ఎంత పెద్ద అధికారికైనా చేతకాదు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. తల్లులు ఒకరి తరువాత ఒకరు మొదలుపెట్టారు. పట్టాల సంగతి, గుడ్డు సంగతి, బండి కింద నిద్రపోయే పిల్ల సంగతి. ఆయన మొదట కాళ్లు ఊపాడు, తరువాత ఊపడం మానేశాడు. ఫోను తీసి, ఈ గది ఎందుకు ఖాళీ చేశారని ఎవరినో గట్టిగా అడిగాడు.

ఇక్కడ డ్రైవరు చెయ్యి కడుక్కోవడానికి లేవబోతున్నాడు. ఇంకా మాట్లాడని తల్లులు ఉన్నారు.

"సాలు సార్, సాలు" అంటున్నా వినకుండా, అతని పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వేసి, మీద పప్పు పోశాను.