నల్లావు, ఎర్రావు, ఒక జర్మన్ పాఠం

డిప్లొమా చేతికొచ్చిన ఏడు జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. హోసూరులో జర్మనీ యంత్రాలు దిగుతున్నాయని, వాటి పుస్తకాలు చదవగలిగితే ఉద్యోగం తేలికని ఎవరో చెప్పారు. ధర్మపురిలో ఆ భాష వినేవాళ్ళు లేరు కాబట్టి కొట్టంలో ఆవులకు అప్పజెప్పేవాణ్ణి.

ఆ వారం పాఠం పోలికలు. మనం పక్కదానికి ‘కంటే’ తగిలించి ఊరుకుంటాం. జర్మన్‌లో గుణం చెప్పే మాటకే తోక మొలుస్తుంది. ష్నెల్ అంటే వేగం, ష్నెల్లర్ అంటే ఇంకా వేగం. ఆవు చురుకైనదన్నా, చురుగ్గా నడుస్తుందన్నా అదే రూపం. బలానికి చెప్పే ష్టార్క్‌లో అచ్చు కూడా మారి ష్టెర్కర్ అవుతుంది. మంచికి చెప్పే గూట్ అయితే వేషమే మార్చి బెస్సర్ అవుతుంది. ఆ తర్వాత ‘ఆల్స్’ అని, ఓడినదాని పేరు చెప్పాలి. నా వాక్యాలన్నిటిలో ఎర్రావు ఓడేది.

నల్లది అవ్వ దూడప్పటి నుంచి సాకినది. మేత చాలక నాన్న ఒక ఆవును అమ్మదలిచాడు. నచ్చినదాన్ని తోలుకుపొమ్మని బి. మల్లాపురం ఊరి నుంచి వచ్చిన పశువుల బేరగాడికి చెప్పేశాడు. ఆయన రెండిటి పళ్ళూ చూశాడు, పొదుగులు నిమిరాడు, తేల్చుకోలేకపోయాడు.

అవ్వ నా చెవిలో, “నల్లది పోయిందంటే నీకు సంగటి లేదు” అంది.

పుస్తకం తెరిచాను. నల్లదాన్ని చూపించి, దిగులుగా తలాడిస్తూ “ష్టెర్కర్” అన్నాను. “ఆల్స్” అంటూ ఎర్రదాని వీపు ముచ్చటగా నిమిరాను. నల్లది ఎక్కువ పాలిస్తుందన్న వాక్యానికి పెదవి విరిచాను.

“ఏం బాస తంబీ అది?” అన్నాడు బేరగాడు.

“జర్మనీ బాస, మామా. రెండిట్నీ పోలుస్తా ఉండాను.”

“ఏమని?”

“పుస్తకంలో ఉండే మాదిరే.”

“సదువుకున్నోడు మొగం అట్ల పెట్టినాడంటే ఏమో ఉండాది” అని ఎర్రదాని పలుపు అందుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక అవ్వ నా దగ్గరికొచ్చింది.

“నల్లదాన్ని ఏమని తిట్టినావురా?”

“తిట్టలేదవ్వా. ఎర్రదానికన్నా బలం, పాలెక్కువ, అన్నిట్లో మేలు అన్నాను. అంతా నిజమే.”

అవ్వ ముఖం మారిపోయింది. “దాని ముందరే అంటివా?”

“జర్మన్‌లో కదవ్వా.”

“ఏ బాసయితే ఏమిరా, దిష్టి తగలదా?”

ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి ఆవుకు తిప్పింది. ఆ తర్వాత నా నోటికి తిప్పింది. పుస్తకాన్ని కూడా వదల్లేదు.