జాబ్రియాలో కట్టిన పుట్ట

1982 నవంబరు మొదటి వారం. కువైట్‌లో ఎండ తగ్గి, రాత్రిళ్ళు దుప్పటి వెతుక్కునే రోజులు. నేను అప్పటికే ఆసుపత్రి వార్డు వదిలి, జాబ్రియాలో ఒక కువైటీ కుటుంబంలో ప్రైవేట్ నర్సుగా చేరి ఉన్నాను. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన ముసలావిడ నా పేషెంటు. ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా మామా అంటారు గనుక, ఆవిడ అత్తగారిని పెద్ద మామా అనేవాళ్ళం. నా సర్వీసులో కష్టమైన కేసులు చాలా చూశాను. అన్నింటికంటే బాగా గుర్తున్న కేసుకు మాత్రం నాడి ఎక్కడ పట్టుకుని చూడాలో కూడా నాకు తెలియదు.

ఆ ఇంటి పెద్దకొడుకు బదర్, అహ్మది అనే చమురు పట్టణంలో ఇంజనీరు. వారమంతా అక్కడే ఉండి గురువారం ఇంటికి వచ్చేవాడు, శుక్రవారం సాయంత్రం వెళ్ళేవాడు. నాలుగో తేదీ గురువారం కారు వెనక సీట్లో ఒక అద్దాల పెట్టె పెట్టుకుని వచ్చాడు. ఉద్యోగం మానేసి స్వదేశం వెళ్ళిపోతున్న తోటి ఇంజనీరు అప్పగించాడట. లోపల ముదురు గోధుమరంగు మచ్చల పాము. దాన్ని బాల్ పైథాన్ అంటారనీ, కొండచిలువల్లో చిన్న జాతి అనీ, విషం ఉండదనీ చెప్పాడు. భయపడితే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. మేం చూసినంతసేపూ అది బంతిగానే ఉంది.

మామా దాన్ని చూసి, అది ఇంట్లో ఉంటే తను రుమైథియాలోని చెల్లెలి ఇంటికి పోతానంది. బదర్ తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి బతిమాలాడు. చివరికి వంటింటి వెనక బట్టలుతికే గదిలో పెట్టుకోవడానికి ఒప్పుకుంది. ఆ గది ఊడ్చి తుడవడం లక్ష్మీదేవి పని. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. ఊళ్ళో ఆమె ఇంటికి గోడలు లేచాయి, స్లాబు ఇంకా పడలేదు. మామా వేలితో పెట్టెను చూపించి, అదే వేలిని ఆకాశం వైపు తిప్పి, విమానం పోయినట్టు గాలిలో ఒక గీత గీసింది. పాము బయటికి వస్తే ఆ రోజే నువ్వూ బయటికి అని అర్థం. ఇంతకు ముందు ఇంకొక పనిమనిషిని అలాగే పంపించిన ఇల్లది, కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు.

"స్లాబు పడేదాకా ఈణ్ణే ఉండాల జుబేదక్కా," అని లక్ష్మీదేవి నాతో అంది. "దానికి ఈ పాము కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. కాళ్ళుంటే కదా."

ఇంట్లో థర్మామీటరు చదివేదాన్నీ, చార్టు రాసేదాన్నీ నేనే గనుక, పాము బాధ్యత బదర్ నాకు అప్పగించాడు. తోటి ఇంజనీరు టైపు చేసిచ్చిన కాగితంలో సంగతులు స్పష్టంగా ఉన్నాయి. ఒక వైపు బల్బుతో వెచ్చగా, రెండో వైపు చల్లగా ఉంచాలి. నీళ్ళ గిన్నె పెట్టాలి. హైడ్ ఉండాలి, అంటే పాము దూరి దాక్కునే చీకటి చోటు. మొదటి వారం ఎవరూ ముట్టుకోకూడదు, తొంగిచూడకూడదు. ఆ తర్వాత చచ్చిన చిట్టెలుకను పెట్టాలి. నేను దీన్ని మామూలు అడ్మిషన్ లాగే తీసుకున్నాను. విజిటర్లకు ప్రవేశం లేదని మూడు భాషల్లో రాసి తలుపుకు అంటించాను. హైడ్ కోసం బదర్ తన బూట్ల అట్టపెట్టెకు కన్నం చేసి పెట్టాడు. పాము దాని వంక కూడా చూడకుండా, అద్దం మూలకు అతుక్కుని పడుకుంది.

వారం తర్వాత బదర్ ఎలుకను పెట్టాడు. తినలేదు. ఆ పై గురువారం మళ్ళీ పెట్టాడు. తినలేదు. చార్టులో ఇన్‌టేక్ నిల్, అవుట్‌పుట్ నిల్ అని రాయడం తప్ప నాకు పని లేకపోయింది.

విచిత్రం ఏమిటంటే, దీనికి అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది మామా. ఆ ఇంట్లో కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా ఖర్జూరాలు తినకుండా గడప దాటలేడు. అలాంటిది, ఇన్ని రోజులుగా ఇంట్లో ఉండి పచ్చి మంచినీళ్ళు ముట్టని వాణ్ణి ఆవిడ ఎన్నడూ చూడలేదట. ఎముకలు తీసిన మేకమాంసం పెట్టి చూడమంది. కొంచెం ఏలకులు వేయమంది. పెద్ద మామా అయితే పొద్దున నేను ఇన్సులిన్ సిరంజి పట్టుకోగానే, "దైఫ్ తిన్నాడా?" అని అడిగేది. దైఫ్ అంటే అతిథి. లేదని చెబితే తన రొట్టెను కూడా పక్కకు నెట్టేది. ఒక పేషెంటు తినకపోవడం వల్ల రెండో పేషెంటు షుగరు పడిపోవడం నేను ఏ వార్డులోనూ చూడలేదు.

పద్దెనిమిదో తేదీ సాయంత్రం లక్ష్మీదేవి నా గదికి వచ్చింది.

"రేపు నాగుల చవితి అక్కా."

"అయితే?"

"అయితే ఏందక్కా? ఈ దేశంలో పుట్ట యాడుండాది? పోయినేడు గోడకు పసుపుతో పామును గీసి పాలు పోస్తిమి. గోడ తాగుతాదా? ఇప్పుడు సామే మనింటికొచ్చి కూర్చోనుండాడు. ఆయప్పను ఇడ్సిపెట్టి మళ్ళా గోడకు పొయ్యమంటావా?"

కడపలో మా పక్కింటి వాళ్ళు ఏటా చవితికి ఇచ్చిన చిమ్మిలి తిని పెరిగినదాన్ని, నాకు ఆ బాధ తెలియకపోలేదు. కానీ పాము పాలు తాగదనీ, అది పేషెంటనీ, విజిటర్లకు కుదరదనీ గట్టిగా చెప్పాను.

"పేషెంటును చూసేకి పొయ్యేవాళ్ళు పాలూ పండ్లూ తీసుకోనే కదక్కా పోతారు?" అంది.

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడాన్ని ఆమె ఒప్పుకోలు కింద తీసుకుందని మర్నాడు తెలిసింది.

మర్నాడు శుక్రవారం. మగవాళ్ళు జుమా నమాజుకు వెళ్ళారు. మామా భోజనానికి రుమైథియా బయలుదేరింది. నేను పెద్ద మామాకు స్పాంజ్ బాత్ ఇస్తున్నాను. అంటే మంచం మీదే ఒళ్ళు తుడవడం. ఆ సమయంలో పక్క ఇళ్ళలో పనిచేసే మన వైపు ఆడవాళ్ళు ముగ్గురు వెనక గేటులోంచి వచ్చారు. పుట్ట లేదని ఊరుకునే రకాలు కాదు, ముందు రాత్రే ఒకటి కట్టిపెట్టుకున్నారు. పెరట్లో పడి ఉన్న పాత మట్టి కూజాను అడ్డంగా పడుకోబెట్టి, పక్క స్థలంలో ఇల్లు కడుతున్న చోటి నుంచి మన్ను తెచ్చి తడిపి మెత్తి, పిడికిలి పట్టేంత మూతి మాత్రం వదిలారు. వాషింగ్ మెషిన్ వెనక, గీజరు కింద మూలలో, పసుపు కుంకాలతో అచ్చమైన పుట్ట. పుట్ట మొదట్లో పాలు పోశారు. చలిమిడి, చిమ్మిలి, ఒక కోడిగుడ్డు పెట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. సామికి పుట్ట కనపడాలని పెట్టె మూత తీశారు.

అప్పుడే గేటు దగ్గర కారు హారన్ మోగింది. చెల్లెలికి తీసుకుపోవలసిన స్వీట్ల పళ్ళెం మరిచిపోయి మామా వెనక్కి వచ్చింది. ముగ్గురూ వచ్చిన దారినే పోయారు. లక్ష్మీదేవి మూత పెట్టింది గానీ, క్లిప్పులు నొక్కలేదు.

మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "అక్కా, సామి ల్యాడు," అంది.

చెప్పకుండా వెళ్ళిపోయిన పేషెంటును వార్డులో అబ్‌స్కాండెడ్ అని రాస్తాం. పై అధికారికి తెలియజేయడం ఆ తర్వాతి పని. కానీ పై అధికారి అంటే మామా, తెలియజేయడమంటే లక్ష్మీదేవిని విమానం ఎక్కించడం. అందుకని ముందు వెతుకుదామన్నాను. మెషిన్ డ్రమ్ములో చూశాం. ఇస్త్రీ బట్టల దొంతర్లు ఒక్కొక్కటి విప్పాం. బియ్యం మూట కర్రతో తట్టాం. పుట్టలోకి తొంగిచూడాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నేను టార్చితో పెద్ద మామా మంచం కింద చూస్తుంటే, ఏం పోయిందని ఆవిడ అడిగింది. పేషెంట్లకు అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. "దైఫ్" అన్నాను. ఫిజియోథెరపీలో ఏనాడూ కదలని ఆవిడ కుడికాలు పరుపు మీద నుంచి జానెడు లేచింది. అది మాత్రం చార్టులో రాశాను.

సాయంత్రం అహ్మది బయలుదేరే ముందు ఆఖరిసారి ప్రయత్నిద్దామని బదర్ ఎలుకతో వచ్చాడు. వెచ్చగా ఉంటేనే పాము పసిగడుతుందని దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచడానికి మామా వంటింటి గిన్నె ఇవ్వలేదు గనుక, నా కిడ్నీ ట్రే తీసుకున్నాడు. కట్టు విప్పిన దూది వేయడానికి వాడే, చిక్కుడుగింజ ఆకారంలో ఉండే పళ్ళెం అది. అతని వెనకే మామా కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. పెట్టె ఖాళీగా ఉంది. తర్వాత వాళ్ళ చూపు మూలలో ఉన్న పుట్ట మీద పడింది, పసుపు మీద, కోడిగుడ్డు మీద.

ఇదేమిటని మామా అడిగింది. ఆవిడ వేలు మెల్లగా ఆకాశం వైపు లేవడం మొదలుపెట్టింది.

"ఖలాస్ అక్కా," అంది లక్ష్మీదేవి, నాకు మాత్రమే వినపడేట్టు. "నా ఇంటికి ఇంక రేకులే."

అప్పుడు పుట్ట మూతిలో ఒక నాలుక ఆడింది. ఆ వెనకే తల, బొటనవేలంత, నింపాదిగా బయటికి వచ్చి మా అందరినీ చూసింది. ఆ ఇంటికి వచ్చాక అది బంతిలా చుట్టుకోకుండా మనుషుల్ని చూడటం అదే మొదలు. లక్ష్మీదేవి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నేను ఆమె ముందుకు జరిగి నిలబడి, మామాతో అరబ్బీలో చెప్పాను: "మా దేశంలో పాములుండే ఇల్లు ఇలాగే ఉంటుంది. మట్టి గోడ, ఇరుకు గుమ్మం." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

బదర్ వంగి పుట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. గీజరు వేడికి గోరువెచ్చగా ఉందన్నాడు. పట్టకారుతో ఎలుకను మూతి దగ్గర పెట్టాడు. మేం రెప్ప వేసి తెరిచేలోగా ఎలుక లేదు, పాము లేదు, లోపల ఏదో చుట్టుకుంటున్న చప్పుడు మాత్రం ఉంది.

మామా లేచిన వేలు మరిచిపోయి వసారాలోకి పరుగెత్తి, "తిన్నాడు, తిన్నాడు" అని అత్తగారికి కేకవేసింది. పెద్ద మామా రొట్టె అడిగింది. కాసేపటికి మామా మళ్ళీ వచ్చి, వేలిని గుర్తు తెచ్చుకుని, పాము బయటికి వచ్చిందా రాలేదా అని నిలదీసింది. పెట్టెలోంచి వచ్చిందని బదర్ నిజమే చెప్పాడు.

మామా కొంచెం ఆలోచించింది. "ఇల్లు చేరినవాణ్ణి పారిపోయాడని ఎలా అంటాం?" అంది. ఆ తర్వాత లక్ష్మీదేవి వైపు తిరిగి, ఆ పసుపు కడిగెయ్యమనీ, ఇక మీదట వెనక గేటు తాళం తన దగ్గరే ఉంటుందనీ చెప్పి వెళ్ళింది.

కోడిగుడ్డును పాము ముట్టలేదు. లక్ష్మీదేవి దాన్ని ఉడకబెట్టి, ప్రసాదమని సగం నాకు పెట్టింది. తిన్నాను. ఇన్‌టేక్ కింద రాయలేదు. బదర్ ఆ కూజా పట్టేంత పెద్ద పెట్టె చేయించాడు. లక్ష్మీదేవి స్లాబు పడేదాకా ఆ ఇంట్లోనే పనిచేసింది. ఈలోగా ఎవరైనా కొత్త పనిమనిషి వచ్చి తిండి ముట్టకుండా ఏడుస్తుంటే, అన్నం పెట్టే ముందు ఆమె మంచానికి అడ్డంగా ఒక పాత చీర కట్టేది లక్ష్మీదేవి. చాలామంది మర్నాటికి తినేవాళ్ళు.

వేడి ఎంతుండాలో, నీళ్ళు ఎక్కడుండాలో కాగితం చూసి నేను తప్పు లేకుండా చేశాను. ఒంటికి సరిపోయే చాటు ఎంత అవసరమో మాత్రం ఆ పుట్ట చూశాకే తెలిసింది. మళ్ళీ వార్డు పనిలో చేరాక కొత్త పేషెంటు వస్తే, పేరూ ఊరూ అడగక ముందే మంచం చుట్టూ కర్టెన్ లాగేదాన్ని. తిన్నారా అన్న ప్రశ్న తర్వాత అడిగేదాన్ని.