కినూయే బోర్లా గీసిన దీవి

క్యోటోలోని నేతగాళ్ల పేట నిషిజిన్ వీధుల్లో హతానో కినూయే నడుస్తుంటే మగ్గాలు లేచి దండం పెట్టేవి. ముప్ఫై అయిదేళ్లు గళ్ల కాగితం మీద పట్టు నడికట్ల నమూనాలు గీసిన చెయ్యి అది. ఆమె గీసిన కొంగను చూసి కామో నది కొంగలన్నీ చేపలొదిలేసి వచ్చాయంటారు. అబద్ధం, రెండే వచ్చాయి.

మగ్గాలు మూతబడ్డాక, 1988లో, పక్కవీధిలో వీడియో ఆటలు చేసే చిన్న కంపెనీ ఆమెను పనికి పిలిచింది. అక్కడి ప్రోగ్రామర్ ఇనుకాయ్‌కి ఇరవై ఆరేళ్లు, అన్నేళ్లలోనూ దువ్వెన మొహం చూడలేదు. ఆటలో లోకమంటే గళ్లేనని చెప్పాడతను. గడికో అంకె. సున్నా గడ్డి, ఒకటి సముద్రం, రెండు కొండ, మూడు వంతెన. వీరుడు అడుగేసేముందు యంత్రం ఎదుటి గడిలో అంకె చూస్తుంది. ఒకటో రెండో ఉంటే కదలనివ్వదు. దీవి మొత్తం బొమ్మంటూ ఎక్కడా ఉండదు, తెరమీదికొచ్చిన గళ్లకే అంకెను బట్టి బొమ్మలు అతికిస్తుంది.

"ఇంతేనా నాయనా? మా మగ్గంలోనూ ఏ దారం లేపాలో చెప్పే అట్టలకి చిల్లులే గాని కొంగెక్కడుంది," అందామె.

మూడు నెలలు కూర్చుని ఓ దీవి గీసింది. శనివారం పన్నెండింటికి ఆ అంకెలు చిప్పులు చేసేవాళ్లకి చేరాలి. తేడా వస్తే ఇనుకాయ్ గీసిన దీవినే పంపుతానన్నాడు యజమాని నిషిగాకి. అది అచ్చం సోయాపాలతో చేసే టోఫు ముక్కలా నలుచదరంగా ఉంది. కినూయేకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ శనివారం పొద్దున ఆడి చూశారు. ఆటలో ఊరి ముసలాయన, వంతెన తూర్పునుందన్నాడు. వీరుడు తూర్పుకెళ్తే సముద్రం. వంతెనేమో పడమట నిలబడి చోద్యం చూస్తోంది. ముసలాయన మాటలున్న చిప్పు అప్పటికే తయారైపోయింది.

కినూయే టీ కప్పు దించింది. నిషిజిన్‌లో బట్టను బోర్లా నేస్తారు, ముఖం కిందికి, వీపు పైకి. అందుకే కుడిని ఎడమగా గీయడం ఆమె చేతికి అలవాటు. దీవినీ అలాగే గీసేసింది.

"లోకాన్ని బోర్లా పడుకోబెట్టావేంటి అత్తయ్యా," అన్నాడు ఇనుకాయ్.

"వెల్లకిలా తిప్పు మరి, కూచున్నావేం."

ప్రతి వరుసనీ చివర్నుంచి మొదటికి తిరగేసే చిన్న ప్రోగ్రామ్ రాశాడతను. వంతెన తూర్పుకొచ్చింది. కానీ అలల నురగ గడ్డిమీద పడుతోంది! ఎడమ తీరం అంకె నాలుగు, కుడి తీరం అయిదు. గళ్లు చోటు మారాయి గాని వాటిలో బొమ్మలు తిరగలేదు. పన్నెండుకి పావుగంట. ఇనుకాయ్ మొహం టోఫు ముక్కలా తెల్లబోయింది.

కినూయే మాత్రం ఊరేసిన ముల్లంగి ముక్క నముల్తూ తెరవైపు చూసింది. "నాలుగున్నచోట అయిదు, అయిదున్నచోట నాలుగు పెట్టు. అంచు తిరగబడితే మేం చేసేదదే."

నురగ నీళ్లలోకి పోయింది. నిషిగాకి స్వయంగా వీరుణ్ణి నడిపించి వంతెన దాటాడు, ఆమె దీవినే పంపించాడు. తర్వాత తీరిగ్గా మళ్లీ ఆడుతూ, కొండపక్క చిన్న ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, దీనికి తలుపేదమ్మా అనడిగాడు.

"అది నా ఇల్లు. మా బట్టకి ముఖంలాగే దీనికీ తలుపు వెనకవైపుంది," అంది కినూయే.