గోడ నీడ ఎటు పడితే అటు

మా ఇంటి ఓనరు ఆంటీ పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే, ఇక్కడ న్యూజిలాండ్‌లో మేముండే లోవర్ హట్‌లో రైలెక్కి ఆఫీసుకి వెళ్తుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, నిద్రలోనే వెళ్ళిపోయారని. నేను బయల్దేరేటప్పటికి ఆవిడ గది తలుపు ఇంకా మూసే ఉంది. ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే ఆవిడే కనిపించారు, బొమ్మలో బెంచీ మీద కూర్చుని. ఆ వారం నాకు అప్పగించిన పని ఆవిడను ఆ బొమ్మలోంచి తీసేయడమే.

నా ఉద్యోగం గురించి కాస్త చెప్పాలి. ఇంకా కట్టని భవనం ఎలా ఉంటుందో ఆర్కిటెక్టులు కంప్యూటర్లో బొమ్మ తీస్తారు. రెండర్ అంటారు దాన్ని. అది నా దగ్గరికి వచ్చేటప్పటికి తోమి బోర్లించిన గిన్నెలా మరీ శుభ్రంగా ఉంటుంది. ఫొటోల్లోంచి ఆకాశాన్నీ గడ్డినీ మనుషులనీ కత్తిరించి అందులో అతికించి, నీడలు వేసేది నేను.

చదువుకోవడానికి వచ్చినప్పుడు ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఉద్యోగం వచ్చినా ఖాళీ చెయ్యలేదు. ఆవిడది గుంటూరు వైపు. ఇక్కడ వృద్ధుల హోమ్‌లో నర్సుగా చేసి రిటైరయ్యారు. నా మొదటి పెద్ద పని కూడా అలాంటి హోమ్ బొమ్మే కావడంతో, మురిసిపోతూ లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇది ముసలోళ్ళకి కడతన్నారా, కాలేజీ పిల్లలకా? అందరి చేతుల్లో కాఫీ కప్పులే. ఒక్క వాకరన్నా లేదేందే?"

"అలాంటి ఫొటోలు నా దగ్గర లేవాంటీ."

"నేను లేనూ?"

ఫొటోకి మామూలుగా ఇంట్లో ఉన్నట్టే రమ్మన్నాను. చర్చికి కట్టుకునే ఊదారంగు పట్టుచీర, కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు, చేతిలో వాకర్‌తో పెరట్లోకి దిగారు. నేను నవ్వాపుకోలేకపోయాను. "ముసలోళ్ళు మంచి చీర కట్టుకోరని నీకెవరు చెప్పారే?" అన్నారు. మా కివీ మేనేజర్ కాస్త తటపటాయించాడు గానీ, హోమ్ కట్టించేవాళ్ళకి అన్నిటికంటే ఆవిడే నచ్చారు.

అయినా ఆవిడకు నేను నచ్చాలిగా! పూర్తయిన బొమ్మ చూసి, "గోడ నీడ ఇటు, నా నీడ అటు. మీ ఆఫీసులో ఇద్దరు సూర్యుళ్ళున్నారా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వారం రోజుల కష్టం అది. చెయ్యి పట్టుకుని పెరట్లో బట్టల తీగ దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇక్కడ మధ్యాహ్నం పొద్దు ఉత్తరాన ఉంటది. నీడ దక్షిణానికి పడద్ది. చూసుకో." నిజమే. గోడ నీడ కంప్యూటర్ వేసింది, సరిగ్గానే వేసింది. మనుషుల నీడలు నేను చేత్తో వేశాను, మన ఊళ్ళో పుట్టినప్పటి నుంచి చూసిన అలవాటు కొద్దీ ఉత్తరానికి. అన్నీ మళ్ళీ వేశాను.

"ఇంకోటి. తలుపు దగ్గర చెప్పులేయి? మనుషులుండే చోటు గదా." ఆవిడ నీలం చెప్పులనే ఫొటో తీసి తలుపు పక్కన పెట్టాను. ఆ తర్వాత నేను చేసిన ఏ బొమ్మలోనూ చెప్పులు మానలేదు. నాకు పని నేర్పింది ఎవరని అడిగితే కాలేజీ పేరు చెప్తాను గానీ, మనసులో మెదిలేది ఆవిడే.

ఇప్పుడు ఆ హోమ్ ప్లాన్ మారింది. బెంచీ అటు పక్కకు వెళ్తుంది, మధ్యాహ్నం బదులు ఉదయపు వెలుతురు కావాలి. పాత మనుషులను తీసేసి కొత్తవాళ్ళను పెట్టడం తేలికన్నాడు మేనేజర్. తీసేయడం ఒక్క క్లిక్కు. నాకు చెయ్యి రాలేదు. అలాగని పోయిన మనిషిని అందరి ముందూ కూర్చోబెట్టే హక్కు నాకుందా?

చర్చిలో ఆంటీ కోసం పెట్టిన ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మాయినే అడిగాను. తను ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అమ్మని తీయొద్దక్కా, ప్లీజ్. ఆ పిక్చర్ అందరికీ చూపించేది. 'నేను ఆల్రెడీ అక్కడ సెటిల్ అయిపోయా' అని జోక్ చేసేది" అంటూనే ఏడ్చేసింది. ఇద్దరం ఏడ్చాం.

నిన్న ఆఫీసులో బెంచీతో పాటు ఆంటీనీ అటు పక్కకు జరిపాను. పాత నీడ చెరిపేశాను. గోడ నీడ ఎటు పడిందో ముందు చూసుకుని, ఆవిడ నీడ మళ్ళీ మొదలుపెట్టాను. పొద్దుటి నీడ కదా, పొడుగ్గా వచ్చింది. బెంచీ దిగి, గడ్డి దాటి, తలుపు పక్కనున్న నీలం చెప్పుల దాకా వెళ్ళింది.