లైప్‌జిగ్ మంచు మీద మెలికల ముగ్గు

రత్నకుమారిది తెనాలి. జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చి పదకొండేళ్లయింది. ఆవిడ ఉండే బిల్డింగ్‌లో మంచు తీసే పని వారానికొక ఇంటివాళ్ల వంతు. ఉదయం ఏడింటికల్లా గుమ్మం ముందు మంచు తోసేసి, ఎవరూ జారిపడకుండా ఇసుక చల్లాలి. మిగతావాళ్లు కోళ్లకు గింజలు విసిరినట్టు విసిరేసి లోపలికి పోతారు. ఈవిడ చెయ్యి ఊరుకుంటుందా! మొదటి ఏడాదే ఆ ఇసుకతో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసేసింది. మెలికల మధ్య నున్నగా మిగిలిన చోట కింది ఇంటి ముసలాయన కాలు జారి, రెయిలింగ్ పట్టుకుని బతికిపోయాడు. అప్పటినుంచి ముందు దారంతా ఇసుక చల్లి, ఆ తర్వాతే గోడవారన మంచు మీద ముగ్గు వేస్తోంది. వేళ్లు కొంకర్లు పోయినా సరే, గ్లవుజు తీసే వేస్తుంది.

ఎదురింటి మూడో అంతస్తులో నోలన్ అనే అమెరికన్ చిత్రకారుడు ఉంటాడు. చలికాలపు వీధులంటే ఆయనకు పిచ్చి. ట్రామ్ కోసం పరిగెత్తేవాళ్లనూ, బ్రెడ్డు సంచులతో పోయేవాళ్లనూ బొమ్మలు వేస్తుంటాడు. ఈ జనవరిలో, "మీరున్న బొమ్మ వేశాను, ఎగ్జిబిషన్‌కి పంపేముందు చూడండి" అని పిలిచాడు. రత్నకుమారి కూతురు ఈషాను వెంటబెట్టుకుని వెళ్లింది.

బొమ్మలో ట్రామ్ ఉంది, బేకరీ దీపాలున్నాయి, వంగి ఉన్న రత్నకుమారి ఉంది. ముగ్గు ఉండాల్సిన చోట మాత్రం పసుప్పచ్చటి మరక. కింద చీటీ మీద "మంచు ఊడ్చే స్త్రీ" అని పేరు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"ఊడ్చింది పది నిమిషాలు, ముగ్గేసింది అరగంట. ఆ అరగంటేదీ ఇందులో? అడగవే ఆయన్ని."

"మమ్మీ, ప్లీజ్, ఇట్స్ జస్ట్ ఎ టైటిల్," అంది ఈషా.

"నువ్వడుగుతావా, నన్నడగమంటావా?"

ఈషా అడిగింది. నోలన్ మొహం ఎర్రబడింది. నాలుగుసార్లు ప్రయత్నించినా ఆ మెలిక తన చేతికి రాలేదని, అందుకే పులిమేశానని ఒప్పుకున్నాడు. సన్న కుంచె తీసి ఆవిడ చేతికిచ్చాడు.

రత్నకుమారి స్వెటర్ చేతులు పైకి లాక్కుంది. చుక్కలు పెట్టింది. కుంచె ఎత్తకుండా వాటి చుట్టూ తిప్పుకొచ్చి, మొదలుపెట్టిన చోటే కలిపింది. నోలన్ చీటీ చింపేసి, తన సంతకం పక్కన చోటు చూపించాడు. "ఇక్కడ మీది."

పదకొండేళ్లుగా ఆ దేశంలో ఆవిడ సంతకం పెట్టినవన్నీ వీసా కాగితాలూ, చిరునామా నమోదు చేయించే ఆన్మెల్డుంగ్ ఫారాలూ, ఈషా స్కూలు కాగితాలూ. అన్నీ ఇంగ్లీషు సంతకాలే. ఈసారి తన పని కింద, తెలుగులో, పెద్ద అక్షరాలతో పెట్టింది. పట్టరాని గర్వం కలిగింది, దాచుకోలేదు కూడా.

"ఫోటో తియ్యవే ఈషా. నా మొహం కాదు, సంతకం కనపడాలి."