బియ్యం బండ

ఇవాళ కొండ మీది బియ్యం బండ దగ్గర మా అత్త ఖాళీ గోనెసంచి పరుచుకుని కూర్చుంది. రేషన్ వేలిముద్రల మిషన్‌కు మా ఊళ్లో సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే.

మా ఈడు వాళ్లకు ఆ బండ గుర్తుందా? చిన్నప్పుడు బియ్యం అక్కడే దించేవారు. ఒకసారి నేను ఆ బండ మీదికెక్కి, "బియ్యమొచ్చేయర్రో" అని ఉత్తినే కేకేస్తే ఊరంతా సంచులతో ఎక్కి వచ్చింది. అత్త కొండచీపురుతో నా వీపు వాయించింది.

ఇవాళ రేషన్ డీలర్ మిషన్‌ను పైకెత్తి, దించి, "సిగ్నల్ లేదు, రేపు రండి" అన్నాడు. అత్త ఇంట్లో గింజ లేదు.

"ఏటత్తా, ఈపాలి సీపురు తేలేదా?" అన్నాను.

అత్త సంచి దులిపింది.

"మూడ్రోజులై ఈ కొండెక్కుతన్నాన్రా. అప్పుడు అబద్దమాడింది నువ్వని తెలుసు, కొట్టినాను. ఇప్పుడెవుల్ని కొట్టమంతావు?"