ఆరుతడి మాటలు

నా చిన్నప్పుడు రేపల్లెలో, మా తాతయ్య ఇంట్లో, అందరికంటే కష్టపడి చదివింది మేం పిల్లలం కాదు, ముప్ఫై దాటిన మా పిన్ని. బాబాయి పోయాక పుట్టింటికి చేరిన ఆవిడకి బాపట్లలో ఒక ఆసుపత్రిలో ఆయా పని దొరికింది. అక్కడి డాక్టరుగారికి తెలుగు రాదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుబడితేనే ఉంచుకుంటామన్నారు. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలన్న పిన్ని ఆశంతా ఆ ముక్కల మీదే ఉంది.

పాపం, సాయంత్రమంతా ఒకే మాటని వందసార్లు వల్లించేది. తెల్లారేసరికి మరిచిపోయేది. ఒకరోజు డాక్టరుగారు రోగిని చూపించి "కాఫ్?" అన్నారట. దగ్గుందా అని అడుగుతున్నారని తెలియక, పిన్ని పరుగున వెళ్లి వేడివేడి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆసుపత్రంతా ఒకటే నవ్వులు. "ఇంక నేను ఎళ్లను నాన్నా" అని ఇంటికొచ్చి కూలబడింది. మేమూ నవ్వాం. పిల్లలకి జాలి కంటే నవ్వే ముందొస్తుంది.

తాతయ్య మాత్రం నవ్వలేదు. మిరప తోట నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు.

"మిరపకి రోజూ నీళ్లు నిలబెడితే ఏమవుద్దమ్మా? వేరు కుళ్లిపోద్ది. ఆరుతడి పెట్టాల. ఆరనిచ్చి, వాడబోయే ముందు మళ్లీ తడపాల. నీ మాటలకీ అంతే" అన్నారు.

ఆ పూటే భోజనాల దగ్గర ఖళ్లున దగ్గి, "ఇదేంటమ్మా ఇంగ్లీషులో?" అన్నారు. మర్నాడు మళ్లీ దగ్గారు. తర్వాత కొన్నాళ్లు ఊరుకున్నారు. పిన్ని ఆ సంగతే మరిచిపోయి చారు వడ్డిస్తుంటే, మళ్లీ దగ్గు. గరిటె అలాగే ఆగిపోయింది. మాట నోటిదాకా వచ్చి రావడం లేదు. ఈపాటికి తనకీ వచ్చేసిన మాటని అమ్మమ్మ చెప్పబోతే తాతయ్య చెయ్యెత్తి ఆపారు.

"అందించమాకే. దాన్ని వెతుక్కోనీ."

చారు చల్లారిపోయింది. "కాఫ్!" అని అరిచింది పిన్ని, కళ్లనిండా నీళ్లతో.

ఆ తర్వాత తాతయ్యకి రాని జబ్బు లేదు. ఒకరోజు కుంటేవారు, ఇంకోరోజు కళ్లు తిరుగుతున్నట్టు గోడ పట్టుకునేవారు. పిన్ని తల నెరిసేదాకా ఆ ఉద్యోగంలోనే ఉంది.

ఇప్పుడు తెనాలిలో నేను పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెబుతున్నాను. స్వతహాగా తొందర మనిషిని. చుండూరు నుంచి వచ్చే ఒకావిడ, తన కూతురి ఈడు వాళ్ల మధ్య కూర్చుని, కిందటి వారం నేర్చుకున్న మాట కోసం కళ్లు మూసుకుని తడుముకుంటూ ఉంటే నా నాలుక ఆగనంటుంది. చెప్పేస్తే పనైపోతుంది. కానీ అది నా మాటగానే ఉండిపోతుంది. అందుకని, ఆవిడ నోరు తెరిచేదాకా నేను నోరు మూసుకుని కూర్చుంటాను.